గుమ్మిలోని గింజ, పట్టాలోని పేరు

తెలుగులో 'పెత్తనం' అనే మాట 'పెద్దతనం' నుంచి పుట్టింది. వయసువల్ల వచ్చే గౌరవం, మాట చెల్లించుకునే అధికారం అనే రెండు అర్థాలూ ఆ ఒక్క మాటలో కలిసి ఉన్నాయి. పల్లెటూరి రైతు కుటుంబంలో ఈ రెండూ ఏకమై కనిపించే వ్యక్తి ఆ ఇంటి పెద్ద ఇల్లాలు. కోడళ్లకు అత్త, మనవలకు నాయనమ్మ, తెలంగాణ పల్లెల వాడుకలో ఊరందరికీ అవ్వ. ఆమె మాట లేకుండా ఇంట్లో ఆవును అమ్మరు, అమ్మాయికి సంబంధం ఖాయం చేయరు, చేనిలో ఏది విత్తాలన్న చర్చ ముగించరు. అలాగని తెలుగు రైతు కుటుంబం స్త్రీల ఏలుబడిలో ఉన్న కుటుంబం కాదు. వంశమూ ఆస్తీ తల్లివైపు నుంచి సంక్రమించే సంప్రదాయం కేరళలోని కొన్ని సముదాయాల్లో వెనుక ఉండేది, మేఘాలయలో నేటికీ ఉంది. తెలుగు నేలమీద మాత్రం భూమి తండ్రి నుంచి కొడుక్కు నడిచింది, స్త్రీ పుట్టింటినుంచి మెట్టినింటికి నడిచింది. పరాయి ఇంట పుట్టి, పేరున సెంటు భూమి లేకుండా, ముప్పై నలభై ఏళ్లలో ఆ ఇంటికి ఆమె పెద్దదిక్కు ఎలా కాగలిగింది, ఆ పెద్దరికం ఏ ఆధారంమీద నిలిచింది, ఇప్పుడు ఎందుకు సన్నగిల్లుతున్నది అన్నవి ఈ ప్రసంగానికి విషయాలు. వయసు, కొడుకులను కన్న తల్లి అనే గౌరవం, భర్త పలుకుబడి ఇందుకు కొంతవరకు కారణాలే అయినా, వాటన్నిటికన్నా గట్టి ఆధారం ఇంట్లోనే, ధాన్యం దాచే గుమ్మిలో ఉండేది. అది విత్తనం.

ఈ సంగతి స్పష్టంగా కనిపించేది కాలువలకింద వరి పండే మాగాణిలో కన్నా, వాననే నమ్ముకున్న మెట్టలో. పశ్చిమ తెలంగాణలో జహీరాబాద్, నారాయణఖేడ్, తాండూరు చుట్టుపక్కల ఎర్రగరప నేలలూ నల్లరేగళ్లూ పక్కపక్కనే ఉంటాయి. ఒక చేనికి పట్టిన పదును పక్కచేనికి పట్టదు. అటువంటిచోట ఒకే పంటను నమ్ముకోవడం జూదంతో సమానం కనుక, అక్కడి రైతులు ఒకే చేనిలో జొన్న, కంది, పెసర, అనుము, బొబ్బర, నువ్వు, పుండి కలిపి వేసేవారు. పుండి అంటే కోస్తావారి గోంగూర. వాన ముందుగా ఆగిపోతే పెసర చేతికి వస్తుంది, ఆలస్యంగా కురిస్తే కంది నిలుస్తుంది, మొదటి వానలూ చివరి వానలూ సరిగా ఉంటే జొన్న గింజా చొప్పా ఇస్తుంది. యాసంగిలో, అంటే శీతకాలపు పంటకారులో, నీరు పెట్టకుండా నేలలోని తేమతోనూ మంచుతోనూ పండే శనగ, కుసుమ, అవిసె వంటివాటిని జహీరాబాద్ ప్రాంతపు స్త్రీలు 'సత్యం పంటలు' అంటారు. మనిషి నీళ్లు పెట్టకపోయినా నేల తన సత్యంమీద వాటిని పండిస్తుందని ఆ మాటకు భావం.

ఏ పంట ఎన్ని సాళ్లు వేయాలనేది పైకి దున్నేవాడి నిర్ణయంలా కనిపించినా, దాని వెనుక వంటింటి లెక్క ఉండేది. ఏడాదికి ఎంత జొన్న కావాలి, పప్పుకు ఎంత కంది దాచాలి, పండుగలకు నువ్వులు ఎన్ని, పాడి పశువుకు చొప్ప ఎన్ని నెలలు వస్తుంది, పెండ్లీడుకు వచ్చిన పిల్ల ఉంటే అమ్ముకునేందుకు ఏం మిగలాలి అన్న వివరాలు గుమ్మి ముందు నిలబడే మనిషికి తెలిసినంతగా అరక పట్టిన మనిషికి తెలియవు. ఇంటి ఆర్థిక ప్రణాళిక అని చదువుకున్నవారు పిలిచే పనిని ఆమె కాగితమూ కలమూ లేకుండా, చాటతోనూ మానికతోనూ చేసేది.

విత్తనాన్ని ఎంచడం కోతకు ముందే, పైరు నిలిచి ఉండగానే మొదలయ్యేది. జొన్నచేను పాలకంకి దశ దాటి గింజ గట్టిపడ్డాక, ఇంటి పెద్ద ఇల్లాలు కోడలినో మనవరాలినో వెంటబెట్టుకుని చేనంతా తిరిగి, కంకుల్లో నిండుగా గింజ పట్టినవీ, చీడ తగలనివీ, తక్కిన వాటితో ఒకే ఈడుకు పక్వానికి వచ్చినవీ చూసి విడిగా కోయించేది. గట్లవెంట ఉన్న మొక్కలను ఆమె సాధారణంగా విడిచిపెట్టేది. పక్కచేని పుప్పొడి సోకే అవకాశం అక్కడే ఎక్కువ. ఒక్కోసారి దండిగా పెరిగిన కంకిని కాదని నడితరం కంకిని ఎంచుకోవడం చూసేవారికి వింతగా తోచవచ్చు. మంచి ఎరువు పడ్డచోట ఏ మొక్క అయినా ఏపుగా పెరుగుతుంది. వాన తప్పిన వారంలో వాడకుండా నిలిచిన మొక్క గుణం వేరు. పంటను మొలకనుంచి కోతదాకా కలుపు తీస్తూ దగ్గరగా చూసిన కన్నే ఈ తేడా పట్టగలదు, ఆ కలుపు తీసే పని దాదాపు పూర్తిగా స్త్రీలది కావడంచేత విత్తనం ఎంచే విద్య కూడా వారి చేతిలోనే నిలిచింది. పంటల అభివృద్ధి శాస్త్రంలో దీనికి సమూహ వరణం అని పేరు. అంటే మంచి లక్షణాలున్న మొక్కలను గుంపుగా ఎంచి, వాటి గింజను కలిపి మళ్లీ విత్తుతూ ఏటేటా రకాన్ని మెరుగుపరచడం. శాస్త్రజ్ఞులు పేరు పెట్టకముందు ఎన్నో వందల ఏళ్లుగా ఆ పని జరుగుతూనే ఉంది.

ఎంచిన విత్తనాన్ని దాచడం మరో విద్య. జొన్నకంకులను జోడించి కట్టి పొయ్యిపైన దూలానికి వేలాడదీసేవారు. రోజూ తగిలే పొగకు పురుగు చేరదు, వేడికి తేమ నిలవదు. ఆనప, బీర వంటివాటిలో ఒక మంచి కాయను తీగమీదే ముదరనిచ్చి, ఎండిన కాయను అలాగే చూరుకు వేలాడదీస్తే డొల్లే విత్తనానికి పెట్టె అయ్యేది. పప్పుధాన్యాలకు పుచ్చుపురుగు బెడద ఎక్కువ. ఆ పురుగు గింజమీద గుడ్డు పెడుతుంది, గుడ్డులోంచి వచ్చిన పిల్ల గింజలోకి తొలుచుకుపోతుంది. అందుకని కందులకు ఎర్రమన్ను నీళ్లలో కలిపి పట్టించి ఎండబెట్టేవారు, తినడానికి దాచుకునే పప్పుకు ఆముదం పట్టించేవారు, పెసలూ అనుములూ కుండలో పోసేటప్పుడు పొరకొక పొర జల్లించిన బూడిద వేసేవారు. బూడిద తేమను పీల్చుకోవడమే కాక గింజల సందులు మూసి పురుగు కదలకుండా చేస్తుంది. ఎండిన వేపాకు అన్నిటికీ తోడు. తైదలు, అంటే రాగులు, కొర్రలు మాత్రం ఇంత జాగ్రత్త అడగవు. పొట్టు గట్టిగా, గింజ చిన్నదిగా ఉండడంవల్ల అవి ఏళ్ల తరబడి చెడకుండా నిలుస్తాయి కనుక కరువుకాలపు నిలువగా వాటిని అడుగున ఉంచేవారు.

గుమ్మి అంటే వెదురుతోనో సన్నని కంపతోనో పెద్ద బుట్టలా అల్లి, లోపలా బయటా పేడా మన్నూ మెత్తి, రాళ్లమీద ఎత్తుగా నిలిపే ధాన్యపు నిలువ. కోస్తాలో గాదె, గరిసె అనేవి ఇదే పనికి వాడిన నిర్మాణాలు. జొన్నలు ఎక్కువ పండే ఊళ్లలో పాతరలు కూడా ఉండేవి. పాతర అంటే గట్టినేలలో లోతుగా తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, గింజ నింపి పైన మన్ను కప్పిన గొయ్యి. పాతర తెరిచిన వెంటనే అందులోకి దిగకూడదు. గింజ లోపల గాలిని పీల్చుకుని ఊపిరాడని గాలిని వదిలి ఉంటుంది కనుక చాలాసేపు ఆగి, దీపం దించి అది ఆరకుండా నిలిస్తేనే దిగేవారు. పాతర మగవారి బలంతో తెరిచే వస్తువు. గుమ్మి, అందులోనూ విత్తనాల కుండలు, ఇల్లాలి చేతికే అందేవి. కరువు ఏడు పిల్లలు ఆకలితో పడుకున్నా విత్తనపు కుండ మూత తీయకపోవడం ఆమె పెద్దరికానికి కఠినమైన పరీక్ష. ఆ మూత తీసిన ఇల్లు మరుసటి ఏరువాకకు షావుకారు గుమ్మం ఎక్కవలసిందే. ఏరువాక అంటే తొలకరి దున్నకం, జ్యేష్ఠ పున్నమినాడు అరకకూ ఎద్దులకూ పూజచేసి సాగు మొదలుపెట్టే పండుగ.

కల్లంలో కొలత పురుషుడిది. కల్లం అంటే పంటను నూర్చే చోటు. చాకలి, మంగలి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి వంటి వృత్తులవారికి ఏడాది సేవకు ఇవ్వవలసిన గింజ అక్కడే కొలిచిపెట్టేవారు. అది పోగా మిగిలినది గడప దాటాక కొలత చేతులు మారేది. పుట్టికి ఇరవై తూములు; తూముకు ఎన్ని కుంచాలు, కుంచానికి ఎన్ని మానికలు అన్నది ప్రాంతాన్నిబట్టి మారినా, పుట్టీ తూమూ మగవారి మాటల్లోనూ మానికా సోలా ఆడవారి మాటల్లోనూ ఎక్కువగా వినిపించడం గమనించదగినది. పెద్ద కొలతలు అమ్మకానికీ అప్పుకూ, చిన్న కొలతలు బతుకుకూ. ఏ పూట ఎన్ని సోలల జొన్నలు విసరాలి, ఏ రోజు రొట్టె, ఏ రోజు గటక, కూలివారికి అంబలి ఎంత, వచ్చిన చుట్టానికి బియ్యం వండాలా వద్దా అన్నవన్నీ ఆమె నోటిమాటమీద నడిచేవి. పాలు, నెయ్యి, కోళ్లు, గుడ్లు అమ్మగా వచ్చే చిల్లర ఆమె కొంగుముడిలో చేరేది, చీటీలకూ చేబదుళ్లకూ అదే మూలధనం. వానకాలంలో మళ్లలోనూ గట్లవెంటా విత్తకుండా మొలిచే దొగ్గలి, తుమ్మి, గునుగు, చెన్నంగి, గలిజేరు వంటి ఆకుకూరలను ఏరి తెచ్చే చోట్లు కూడా ఆమెకే తెలుసు. కలుపుగా పీకేసే ఆ మొక్కల్లో ఏది కూర, ఏది మందు, ఏది పశువుకు కూడా పనికిరాదు అన్న వివేకం పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

ఈ పెద్దరికాన్ని వర్ణించేవారు దానిలోని కాఠిన్యాన్ని దాటవేయడం తరచుగా జరుగుతుంది. సోలతో కొలిచే చేయే కోడలి కంచంలో తక్కువ వేసిన చేయి కావచ్చు. యారాండ్ల మధ్య, అంటే తోటికోడళ్ల మధ్య, పని పంచే అధికారం పగ తీర్చుకునే సాధనంగానూ పనిచేసింది. ఒకనాడు అత్త చేతికింద నలిగిన మనిషే తనవంతు వచ్చినప్పుడు అదే పద్ధతిని కొనసాగించడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఆ ఇంట్లో స్త్రీకి దక్కే ఒకే ఒక పదోన్నతి అత్తరికం. ఇక భూమి ఉన్న కులాల ఇల్లాలి పెద్దరికం ఆమె వాకిట్లో నాట్లకూ కోతలకూ పిలుపుకోసం నిలబడిన దళిత స్త్రీకి మరోలా కనబడేది. కూలి గింజలు కొలిచే మానిక అంచు తెగిందా నిండిందా అన్నది ఆ స్త్రీకి ఆ రాత్రి పొయ్యి వెలగడంతో సమానం. దళిత కుటుంబాల్లోనూ పెద్దమ్మలు ఉండేవారు. వారి చేతిలో గుమ్మి చిన్నది, ఊరి విత్తనాల గురించిన తెలివి మాత్రం పెద్దది. ఎందరి చేలలోనో కలుపు తీసిన మనిషికి ఎన్నో రకాల గుణాలు తెలియడం సహజం.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో చెదిరిపోలేదు. 1964లో సి.ఎస్.హెచ్-1 అనే పేరుతో దేశంలో మొదటి హైబ్రిడ్ జొన్న విడుదలయింది, మరుసటి ఏడు హైబ్రిడ్ సజ్జ వచ్చింది. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు వంశాలను సంకరం చేసి పుట్టించిన తొలితరపు విత్తనం; దాని దిగుబడి ఎక్కువే కాని, ఆ పంటలోని గింజనే దాచి మళ్లీ విత్తితే తల్లిదండ్రుల గుణాలు విడిపోయి ఒక మొక్క పొడుగ్గా, ఒకటి పొట్టిగా, కంకులు ఎగుడుదిగుడుగా వస్తాయి. చేనంతా తిరిగి మేలైన కంకిని ఎంచిన కంటికి ఇక్కడ పని లేకుండా పోయింది, ఎంత మంచి కంకిని దాచినా అది మరుసటి ఏటికి అదే గుణంతో మొలవదు. విత్తనం ఏటేటా దుకాణంలో కొనవలసిన సరుకు అయింది. దుకాణానికి వెళ్లేవాడు, బాకీ రాయించుకునేవాడు పురుషుడు. కొత్త జొన్నకు చొప్ప పొట్టి, వానల్లో కంకికి వస్తే గింజకు బూజు పట్టేది అని ఇంట్లోని స్త్రీలు చెప్పిన అభ్యంతరాలు దిగుబడి లెక్కల్లోకి చేరలేదు.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలిని తరిమిన పథకంగా దానికి దక్కిన కీర్తి న్యాయమైనదే. కాని చవక బియ్యం వచ్చాక మెట్టలో జొన్నా కొర్రా వేసేందుకు ఆసరా తగ్గింది, కొన్ని చేలు బీడుపడ్డాయి, విసుర్రాయి మూలకు చేరింది. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించాక పత్తి మెట్టచేలను ఆక్రమించిన వేగం తెలిసిందే. పత్తి తినే పంట కాదు, గుమ్మిలో పోసేదీ కాదు. చేనినుంచి నేరుగా మార్కెట్ యార్డుకో జిన్నింగు మిల్లుకో పోయే ఆ పంటలో గడప దాటి లోపలికి వచ్చేది గింజ కాదు, డబ్బు, లేదా అప్పు. గింజ ఇంట్లోకి రావడం మానిన ఏడే ఇల్లాలి కొలత కూడా ఆగిపోయింది.

విత్తనం చేజారినప్పుడు ఆమెకు భూమి ఆసరాగా నిలిచి ఉండాలి. అక్కడ చట్టం నడిచిన దారి విచిత్రమైనది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వీలునామా లేకుండా మరణిస్తే భార్య కొడుకులతో, కూతుళ్లతో సమానంగా మొదటి తరగతి వారసురాలు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతోనే కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ దేశంలో ఆ తరహాలో మొదటిది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లి కాని కూతుళ్లకే అది వర్తించింది, దేశమంతటికీ అటువంటి హక్కు 2005 సవరణతో వచ్చింది. ఇవి కూతుళ్ల హక్కులు. మెట్టినింటి చేనిలో జీవితమంతా పనిచేసిన ఇల్లాలికి ఆ చేనిలో వారసత్వం ద్వారా వాటా పుట్టేది భర్త మరణంతోనే. మరో మాటలో చెప్పాలంటే, ఇంట్లో ఆమె మాట చెల్లే కాలమంతా ఆమెకు కాగితం ఉండదు. కాగితంమీద పేరు ఎక్కే వేళకు ఇంటి పెత్తనం కొడుకు చేతికో కోడలి చేతికో మారిపోయి ఉంటుంది. ఆ వేళకైనా ఎందరో తల్లులు 'కొడుకులు బాగుంటే చాలు' అని తమ వాటాను వదులుకుని సంతకమో వేలిముద్రో వేయడం రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో నిత్యం కనిపించే దృశ్యం.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల నిర్వాహకుల్లో స్త్రీలు 13.96 శాతం. కమతం అంటే ఒక కుటుంబం ఒకే నిర్వహణకింద సాగుచేసే భూమి మొత్తం. నిర్వాహకుడు అంటే సాగు నిర్ణయాలు తీసుకునే వ్యక్తి. విత్తనంనుంచి నిలువదాకా పైన చెప్పిన పనులను చూసినవారికి ఈ అంకె తక్కువగా అనిపించక మానదు. పేరు ఎక్కకపోవడంవల్ల కలిగే నష్టం గౌరవానికే పరిమితం కాదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పథకం పంట పెట్టుబడిని పట్టాదారుకు ఇచ్చింది. అదే ఏడు వచ్చిన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంచేత మరణించినా కుటుంబానికి ఐదు లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసింది. పట్టా లేని ఇల్లాలు చనిపోతే ఆ కుటుంబం రైతును కోల్పోయినట్టు లెక్క కాదు. భర్త పోయాక పట్టా వచ్చినా, అప్పటికి ఆమెకు అరవై దాటి ఉంటే ఆ బీమా ఆమెకు వర్తించదు. భూమి పట్టాతో నిమిత్తం లేకుండా మహిళా రైతును గుర్తించి ధ్రువపత్రం ఇవ్వాలని ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో 2012లో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు.

విత్తనం తిరిగి స్త్రీల చేతికి వచ్చిన సందర్భం ఒకటి జహీరాబాద్ ప్రాంతంలోనే ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా ఊరూరా పేద స్త్రీల సంఘాలు ఏర్పరచింది. సంఘాల సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, కొద్దిపాటి నాసినేల ఉన్నవారు, వారిలో ఒంటరి స్త్రీలూ చాలామంది. బీడుపడ్డ నేలలను సాగులోకి తెచ్చి పాత పంటలు వేయడానికి పూనుకున్నప్పుడు విత్తనం కోసం వారు వెతికింది దుకాణంలో కాదు, ఊళ్లలోని ముసలమ్మల కుండల్లో. ఆ విత్తన నిధుల్లో నియమం సులువైనది: ఒక మానిక విత్తనం తీసుకున్న మనిషి పంట వచ్చాక రెండు మానికలు తిరిగి ఇవ్వాలి, విత్తనాన్ని అమ్మకూడదు. ఏటా సంక్రాంతి రోజుల్లో మొదలై దాదాపు నెలరోజులు ఊరినుంచి ఊరికి ఎడ్లబండ్లమీద సాగే పాత పంటల జాతరలో ఈ విత్తనాలను మట్టికుండల్లో అలంకరించి ఊరేగిస్తారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

రేడియో శ్రోతలకు ఆసక్తి కలిగించే మరో విషయం ఈ సంఘాలకు సొంత రేడియో ఉండడం. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, లైసెన్సు రావడానికి ఏళ్లు పట్టింది. ఆలోగా మాచునూరులోని స్టూడియోలో స్త్రీలు రికార్డు చేసిన కార్యక్రమాలను క్యాసెట్లలో సంఘాలకు మోసుకెళ్లి వినిపించేవారు. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినం మొదటిసారి జరిగిన రోజునే, సంఘం రేడియో ప్రసారం మొదలయింది. సాయంత్రం పొలం పనులు ముగిశాక వినేలా వచ్చే ఆ కార్యక్రమాల్లో నిపుణుల స్థానంలో కూర్చున్నది ఊళ్లలోని పెద్దమ్మలు. ఏ నేలకు ఏ జొన్న, ఏ కూరకు ఏ కాలం, ఏ గింజకు ఏ మన్ను అన్నవి వారి యాసలోనే వినిపించాయి. చెప్పడం ఆపని ఆ గొంతును ఇంట్లో విసుక్కున్న కొడుకులే రేడియోలో చెవియొగ్గి విన్నారేమో అనుకోవడానికి ఆస్కారం ఉంది.

మొక్కల రకాల రక్షణకూ రైతుల హక్కులకూ సంబంధించిన 2001 నాటి చట్టం రైతు తన పంటనుంచి విత్తనం దాచుకోవడానికీ, మళ్లీ విత్తడానికీ, మార్చుకోవడానికీ, కంపెనీ ముద్ర వేయకుండా అమ్ముకోవడానికీ హక్కు ఇచ్చింది. విత్తనం మాత్రం చట్టంలో దాగదు, రేడియోలోనూ దాగదు. ఇంటి కుండలో ఉన్న అనుముకో జొన్నకో మొలకెత్తే శక్తి రెండు మూడేళ్లకు మించి అంతే బలంగా నిలవదు కనుక దాన్ని దాచాలంటే విత్తాలి, విత్తాలంటే నేల కావాలి. సంఘాలు లేని ఊళ్లలో, చేనంతా పత్తి అయిపోయిన ఇళ్లలో కూడా ఈ పని పూర్తిగా ఆగలేదు. మృగశిర కార్తెలో కొడుకు కొన్న పత్తి ప్యాకెట్లు చేరిన రోజున, ఆ ఇంటి అవ్వ దూలానికి వేలాడే మూట విప్పి, చేనిచుట్టూ రెండు సాళ్ల కంది, గట్టువెంట పుండి, బావి పక్కన రెండు అనుము పాదులు వేయడానికి సరిపడే గింజలను చాటలో పోసి చెరుగుతూ కూర్చుంటుంది. ఆ రెండు సాళ్లకు ఎవరూ ఆమెను అనుమతి అడగమనరు, పంట లెక్కలు రాసే అధికారి పుస్తకంలో అవి పత్తికిందనే పడతాయి.